వాల్తేరు ఇసుకను మళ్లీ జల్లెడ పట్టాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ తీరంలో కోత పడిన చోట్ల ఇసుక నింపి చదును చేసే పనుల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. కోత ఎక్కడెక్కడ ఎక్కువగా ఉందో, డ్రెడ్జర్లతో ఇసుక ఎలా తెచ్చి పోస్తారో, బళ్ల మీద చిరువ్యాపారం చేసుకునేవాళ్ల సంగతేమిటో వివరంగా రాశారు. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్ల గురించీ ఒక పేరా ఉంది. కథనం చివర ఒక అధికారి మాటగా వేసిన వాక్యం మాత్రం నాకు మింగుడు పడలేదు. "అలలు తాకే చోట ఉత్త ఇసుక తప్ప జీవరాశి ఏమీ ఉండదు, కాబట్టి నష్టం లేదు" అన్నారాయన. ఈ మాట ఏ తీరంలో అన్నా తప్పే. విశాఖలో అనడం మరీ తప్పు. ఎందుకో చెప్పడానికి మీ పేజీలో కొంచెం చోటు కావాలి. ఉత్తరం పొడవైందనిపిస్తే నా గురించిన భాగం తీసేయండి, ఇసుక గురించింది ఉంచండి.

ఉత్తరాంధ్రలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉండేది మధురవాడలో.

ఇసుక రేణువుకీ రేణువుకీ మధ్య కంటికి ఆనని సందులుంటాయి. పోటు వచ్చినప్పుడు ఆ సందుల్లోకి నీరు ఎక్కుతుంది. ఆటు సమయంలో పైపొర ఆరినా అడుగున చెమ్మ నిలుస్తుంది. ఆ చెమ్మలోనే పుట్టి, తిని, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోయే జంతువులున్నాయి. నేను చెబుతున్నది బ్యాక్టీరియా గురించి కాదు. నోరు, కండరాలు, నాడులు, అండాశయాలు అన్నీ ఉన్న జంతువుల గురించి. ఒక మిల్లీమీటరు కన్నాల జల్లెడలోంచి జారిపోయి, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కన్నాలున్న జల్లెడ మీద నిలిచే ఈ జీవులను మయోఫానా అంటారు. మోలీ మేర్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1942లో పెట్టిన పేరిది. గుప్పెడు తడి ఇసుకలో ఇవి వందల్లో ఉండొచ్చు. ఎక్కువగా కనిపించేవి నెమటోడ్‌లనే గుండ్రటి పురుగులు, కోపిపోడ్‌లనే రొయ్యల చుట్టాలు. ఓపిగ్గా వెతికితే గ్యాస్ట్రోట్రిక్‌లు, టార్డిగ్రేడ్‌లు, కైనోరింక్‌లు, సన్నని అనెలిడ్ పురుగులు (వానపాముల చుట్టాలు) కూడా బయటపడతాయి. వీటిలో కైనోరింకా వర్గానికి చెందిన జీవి ఒక్కటంటే ఒక్కటి కూడా నేల మీద గానీ మంచినీటిలో గానీ ఉండదు. అడవులన్నీ తిరిగినా దొరకని ఒక జంతు వర్గం మన కాళ్ల కింద ఇసుకలో ఉందన్నమాట.

ఇదంతా విదేశాల్లో మాత్రమే తేలిన సంగతి కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర శాఖకు చెందిన ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయనతో కలిసి పనిచేసిన జి. చంద్రశేఖరరావు 1962లోనే విశాఖలోని వాల్తేరు తీరపు ఇసుకలోని జీవుల మీద ఒక పత్రం ప్రచురించారు. భారత సముద్ర జీవశాస్త్ర సంఘం పత్రికలో అది వచ్చింది. ఆ తర్వాత 1968లో ఇద్దరూ కలిసి మరికొన్ని రాశారు. వాటిలో ఒకటి వాల్తేరు ఇసుకలోని ఆర్కియానెలిడ్‌లనే సాదా అనెలిడ్ పురుగుల మీద, ఇంకొకటి ఇక్కడ దొరికిన కొత్త గ్యాస్ట్రోట్రిక్‌ల మీద. అంటే అంతకుముందు ప్రపంచంలో ఎవరూ వర్ణించని జాతులు మన బీచ్ ఇసుకలోంచి సైన్సులోకి వెళ్లాయి. జర్మనీలోని కీల్‌లో అడోల్ఫ్ రెమానె ఇలాంటి జీవులను పరిశోధించి ప్రపంచానికి చూపించాడు. అదే విద్యను మన తీరంలో నిలబెట్టినవాళ్లు వీళ్లు. ఆ తర్వాత చంద్రశేఖరరావు జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి అండమాన్, లక్షద్వీప్ ఇసుకను కూడా ఇలాగే గాలించారు. విశాఖలో చదువుకునే పిల్లలకు ఈ రెండు పేర్లు తెలియకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఈ పురుగులు తేల్చిన సంగతి చిన్నదేమీ కాదు. 1878లో బెర్తోల్డ్ హాట్‌షెక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త పాలీగోర్డియస్ అనే సముద్రపు పురుగును పరిశీలించాడు. ఒంటి పక్కల కాళ్లలా ఉండే పార్శ్వపాదాలు లేవు, పైకి ఖండాల గీతలు సరిగ్గా కనిపించవు, ఒళ్లంతా నున్నగా దారప్పోగులా ఉంటుంది. వానపాములు, జలగలు, ముళ్లపురుగులు అన్నింటికీ ఆది పూర్వీకుడు ఇలాగే ఉండేదని ఆయన అనుకున్నాడు. ఇలాంటి సాదా పురుగులను ఆర్కియానెలిడా అనే విభాగంగా వేరుచేశాడు. మొదటివి, పురాతనమైనవి అని ఆ పేరులోనే ఉంది. ఆ ఊహ పాఠ్యపుస్తకాల్లో సుమారు వందేళ్లు కదలకుండా కూర్చుంది. మేము చదివిన డిగ్రీ పుస్తకాల్లో కూడా అనెలిడా వర్గం కింద పాలికీటా (ముళ్లపురుగులు), ఆలిగోకీటా (వానపాములు), హిరుడీనియా (జలగలు)తో పాటు ఆర్కియానెలిడా ఉండేది. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న.

ఇసుకలో బతికే పురుగులను దగ్గరగా చూసినవాళ్లకు ఈ కథ మీద అనుమానం వచ్చింది. ఇరుకు సందుల్లో బతకాలంటే ఎవరైనా చిన్నగా, నున్నగా మారాల్సిందే కదా. అలాంటప్పుడు సాదా రూపం తాతముత్తాతల నుంచి వచ్చిందా, ఇసుకలోకి చేరాక వచ్చిందా? జర్మనీ శాస్త్రవేత్త వెస్ట్‌హైడె 1987లో ఒక వివరణ గట్టిగా ముందుకు తెచ్చాడు. కొన్ని పురుగులు డింభక (లార్వా) దశలోనో పిల్ల దశలోనో ఉండగానే లైంగికంగా పరిపక్వమై, ఇక ఎదగడం మానేశాయని. 2015లో టార్‌స్టెన్ స్ట్రక్, ఆయన బృందం పెద్ద సంఖ్యలో జన్యువులను పోల్చి చూశారు. ఇసుక సందుల్లోకి అనెలిడ్‌లు రెండు దారుల్లో చేరాయని తేలింది. ఒకటి వెస్ట్‌హైడె చెప్పిన దారి, డైనోఫిలస్ లాంటి పురుగులది. రెండోది తరతరాలుగా కొంచెం కొంచెం కుదించుకుపోయిన దారి, ప్రోటోడ్రిలస్, పాలీగోర్డియస్ వంశాలది. మొత్తానికి ఆర్కియానెలిడా అన్న విభాగం ఒకే కుటుంబం కాదు. వేరువేరు కొమ్మల మీద పుట్టి, ఒకే రకం ఇంట్లో కాపురం పెట్టడం వల్ల ఒకేలా మారినవాటిని మనం ఒక పేరు కింద పోగుచేశాం.

ఇందులో ఒక పురుగు గురించి చెప్పకుండా ఉండలేను. దాన్ని ఇప్పుడు డైమార్ఫిలస్ గైరోసిలియేటస్ అంటున్నారు. ఆడది ఒక మిల్లీమీటరు ఉంటుంది. మగది అందులో ఎన్నో వంతో, చూడ్డానికి చుక్కంత. గుడ్ల సంచిలోంచి బయటికి రాకముందే లోపలే తన తోబుట్టువులతో జతకూడుతుంది, దానితో దాని పని అయిపోతుంది. ఈ పురుగు జన్యురాశిని చదివితే సుమారు 7 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలే ఉన్నాయి. మనిషిలో 300 కోట్లు. జన్యువుల నియంత్రణ తీరు పెద్దగా చెదరకుండానే అంతగా కుదించుకోగలిగింది. ఇది పురాతన జీవి లక్షణం కాదు, బాగా మారిన జీవి లక్షణం. సాదాగా కనిపించేదల్లా పాతదని పిల్లలకు చెప్పే టీచర్లందరూ ఈ పురుగు గురించి ఒకసారి చదవాలని నా కోరిక.

ఇక విశాఖ సంగతి. ఒక జాతిని మొదటిసారి ఎక్కడి నుంచి వర్ణించారో ఆ చోటికి వర్గీకరణ శాస్త్రంలో ప్రత్యేకమైన విలువ ఉంటుంది. రేపు బ్రెజిల్‌లోనో థాయ్‌లాండ్‌లోనో అలాంటి జీవి దొరికితే, అది పాత జాతేనా కొత్తదా అని తేల్చుకోవడానికి మొదటి చోటి జీవితోనే పోల్చాలి. ఈ రోజుల్లో పోలిక అంటే డీఎన్‌ఏ. 1960లలో జీవులను ఎక్కువగా ఫార్మలిన్‌లో దాచేవారు. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. మెత్తటి ఒళ్లున్న ఈ జీవులైతే ఫార్మలిన్ తగలగానే ముడుచుకుపోయి, గుర్తుపట్టడానికే వీల్లేకుండా అవుతాయి కూడా. అందుకే వీటిని బతికుండగా చూడాలి, చూసిన వెంటనే బొమ్మ గీయాలి. ల్యాబ్ సముద్రానికి కూతవేటు దూరంలో ఉండటం వల్లే వాల్తేరులో అంత పని జరిగింది. ఇప్పుడు ఆ జాతుల డీఎన్‌ఏ కావాలంటే అదే తీరంలో తాజాగా పట్టుకోవాలి. వేరే మార్గం లేదు. ఆ తీరపు ఇసుక స్వభావమే మారిపోతే ఎక్కడికి వెళ్లి పట్టుకుంటాం?

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పటి జాబితాల్లో ఐరోపా తీరాల్లో మొదట వర్ణించిన పేర్లు కూడా కనిపిస్తాయి. ఈ జీవుల్లో చాలావాటికి నీటిలో ఈదుకుంటూ పోయే డింభకాలు లేవు. ఇసుకలో పుట్టి ఇసుకలోనే ఉండే ప్రాణి ఉత్తర సముద్రంలోనూ బంగాళాఖాతంలోనూ ఒకే జాతిగా ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలంగా వేధిస్తోంది. ఈమధ్య డీఎన్‌ఏతో చూసిన అనేక సందర్భాల్లో, చూపుకి ఒకేలా ఉన్నవి నిజానికి వేరువేరు జాతులని తేలింది. మన తీరంలో ఐరోపా పేరుతో నమోదైన పురుగు మనదే అయిన కొత్త జాతి కావచ్చు. ఎవరూ వెళ్లి చూడకపోతే అది ఎప్పటికీ ఆ పరాయి పేరుతోనే ఉండిపోతుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు పిల్లలను జోడుగుళ్లపాలెం దగ్గర ఇసుకలోకి తీసుకెళ్లేదాన్ని. ఆటు సమయం చూసుకుని, అలలు విరిగే చోట ముతక ఇసుక మగ్గుతో తవ్వి బకెట్‌లో వేసేవాళ్లం. లీటరు మంచినీళ్లలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ కలిపి ఆ ఇసుక మీద పోయాలి. ఉప్పదనం సముద్రపు నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి జీవులు చావవు, మత్తెక్కి రేణువులను వదిలేస్తాయి. పది నిమిషాలు ఆగి, బకెట్‌ను గుండ్రంగా తిప్పి, పైనీటిని సన్నని నైలాన్ జల్లెడలో వంచి, జల్లెడను పెట్రీడిష్‌లో సముద్రపు నీటితో కడగాలి. అంతే. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

ఒకసారి పెదజాలారిపేట నుంచి వచ్చే అమ్మాయి ముందుగా సూక్ష్మదర్శినిలో చూసింది. "మేడమ్, కదుల్తంది!" అని అరిచింది. నేను వెళ్లి చూశాను. శాకోసిర్రస్ అనే ఆర్కియానెలిడ్ పురుగు. తల దగ్గర మీసాల్లాంటి రెండు పొడుగాటి స్పర్శకాలు, వాటి మొదట్లో రెండు కంటి చుక్కలు. స్పర్శకాలను అటూ ఇటూ ఆడిస్తూ రేణువుల మధ్య దారి వెతుక్కుంటోంది. తోక చివర రెండుగా చీలి ఉంటుంది. ఆ రెండు కొసలనూ నల్లటి ఇల్మెనైట్ ఖనిజపు రేణువుకి అతికించి పెట్టుకుంది. డిష్‌ను కొంచెం కదిపితే ఒళ్లంతా దగ్గరకు లాక్కుని ఆ రేణువుతో పాటే దొర్లింది, కానీ పట్టు వదల్లేదు. అలలు రోజంతా కొట్టే చోట బతకాలంటే ఆ పట్టు ఉండాల్సిందే. మళ్లీ నీరు నిలకడకు వచ్చాక జిగురు తనే విడిపించుకుని పక్క రేణువుకి మారింది. ఆ అమ్మాయి రికార్డు పుస్తకంలో ఆ తోకను ఎంత శ్రద్ధగా గీసిందంటే, నేను పుస్తకంలో చూసిన బొమ్మల్లో కూడా అంత వివరం లేదు. సాయంత్రం ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రి మాత్రం, "ఈ పురుగుతో ఏటవుతాది మేడమ్‌గారూ? పిల్లకి ఉజ్జోగం వస్తాదా?" అని అడిగాడు. వేట ఉంటేనే పూట గడిచే మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. అదే ప్రశ్న తర్వాత ఒక ప్రాజెక్టు దరఖాస్తు మీద కూడా వచ్చింది. తీరంలో మళ్లీ సర్వే చేస్తామని మేము పెట్టుకున్న దరఖాస్తును "సామాజిక ప్రయోజనం చూపండి" అని రాసి తిప్పి పంపారు. తండ్రి అడిగినప్పుడు కష్టం అనిపించలేదు. చదువు నడిపేవాళ్లు అడిగినప్పుడు అనిపించింది.

ప్రయోజనమే కావాలంటే చెబుతాను. 1944లో మద్రాసు తీరపు ఆర్కియానెలిడ్ పురుగుల మీద అయ్యర్, అలీకున్హి అనే ఇద్దరు ఒక పత్రం రాశారు. శాకోసిర్రస్‌లో ఒక జాతిని వర్ణించింది అందులోనే. ఆ కె.హెచ్. అలీకున్హి తర్వాత మంచినీటి చేపల పరిశోధనకు మారారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి కలిసి పీయూష గ్రంథి (పిట్యూటరీ) సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి మన కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించారు. ఇప్పుడు దేశమంతా జూలై 10ని జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకునేది అందుకే. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో వదిలే బొచ్చె, శీలావతి సీడ్ నదుల్లో వలేసి పట్టుకునే అవసరం లేకుండా హేచరీల నుంచి వస్తోందంటే దాని మొదలు అక్కడుంది. కంటికి ఆనని పురుగు అండాశయాన్ని చూసి చూసి పదునెక్కిన కళ్లవి. ఈ విద్య అనవసరమని ఆయనకు 1944లో ఎవరైనా చెప్పి ఉంటే? అలాగని ప్రతి పురుగు వెనకా ఒక హేచరీ ఉంటుందని నేను చెప్పను. జంతు ప్రపంచం ఎలా ఏర్పడిందో తెలుసుకోవడం దానికదే విలువైన పని.

డీఎన్‌ఏ యంత్రాలు వచ్చాయి కదా, ఇంకా సూక్ష్మదర్శిని పట్టుకుని కూర్చోవడం ఎందుకని కొందరు అడుగుతారు. వాళ్లకు జీనోటర్బెల్లా కథ చెబుతాను. స్వీడన్ పడమటి తీరంలో సముద్రపు బురదలో దొరికే పురుగు ఇది. 1949లో దీనికి పేరు పెట్టారు. మెదడు లేదు, మలద్వారం లేదు, ఏ వర్గంలో వేయాలో ఎవరికీ పాలుపోలేదు. 1997లో దాని డీఎన్‌ఏ తీసి చూస్తే ఆల్చిప్పల కుటుంబంతో కలిసింది. నేచర్ పత్రికలో వచ్చింది. ఇది దారితప్పిన మొలస్కా జీవి (నత్తలు, ఆల్చిప్పల వర్గం) అనుకున్నారు. తీరా 2003లో తేలిందేమిటంటే, ఆ పురుగు ఆల్చిప్ప జాతి జీవులను తింటుంది. చదివింది దాని కడుపులో ఉన్న భోజనం డీఎన్‌ఏని! యంత్రం తప్పు చెప్పలేదు, దానికి ఏం ఇచ్చారో అదే చదివింది. ఆ జీవి ఏం తింటుందో, కడుపు ఎక్కడుందో తెలిసిన మనిషి పక్కనే ఉండాలి. 2016లో పసిఫిక్ సముద్రం లోతుల్లోంచి మరో నాలుగు జీనోటర్బెల్లా జాతులు దొరికాయి. ఇంతా అయ్యాక కూడా ఈ పురుగు కుడి ఎడమలు ఒకేలా ఉండే జంతువుల వంశవృక్షం మొదట్లో ఉందా, సముద్ర నక్షత్రాల బంధువా అన్న వాదన ముగియలేదు.

పోగోనోఫొరా అనే గొట్టపు పురుగులది ఇంకో రకం పొరపాటు. 1899-1900లో డచ్‌వాళ్ల సిబోగా నౌక ఇండోనేషియా సముద్రంలో తెచ్చిన గొట్టాల పురుగుల్లో వీటిని 1914లో వర్ణించారు. నోరు లేదు, పేగు లేదు. ఇవి మనలాంటి వెన్నెముక జీవుల దూరపు చుట్టాలని చాలాకాలం నమ్మారు. ఎందుకంటే బురదలోంచి లాగినప్పుడల్లా తోక చివర తెగి కిందే ఉండిపోయేది. 1964లో తోకతో సహా పురుగు దొరికింది. ఆ తోకలో ఖండాలున్నాయి, శూకాలనే గరుకు వెంట్రుకలున్నాయి. అంటే అనెలిడ్. 1977లో గాలపగోస్ దగ్గర వేడినీటి బుగ్గల చుట్టూ దొరికిన రెండు మీటర్ల గొట్టపు పురుగులు కూడా ఈ కుటుంబమే. ఒకప్పుడు వేరే వర్గంగా ఉన్నవి ఇప్పుడు వానపాము చుట్టాలు. ఆ వానపాము, జలగ కూడా పాలికీట్‌ల గుంపులోంచే పుట్టిన కొమ్మలని ఇప్పటి లెక్క. మన పిల్లలు మాత్రం ఇంకా పాలికీటా, ఆలిగోకీటా, హిరుడీనియా అని మూడు విభాగాలు విడివిడిగా బట్టీపడుతున్నారు. పుస్తకం మార్చడం ఒక్కరోజులో అయ్యే పని కాదని నాకు తెలుసు. కనీసం "ఇది ఇంకా తేలుతున్న విషయం" అని ఒక వాక్యం వేస్తే చాలు, చదివే పిల్లకి తనకూ అందులో చేయాల్సిన పని మిగిలిందని తెలుస్తుంది.

మిగిలిందనడానికి లోరిసిఫెరా అనే జంతు వర్గం సాక్ష్యం. డెన్మార్క్ శాస్త్రవేత్త రైన్‌హార్ట్ క్రిస్టెన్సెన్ 1982లో ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ దగ్గర సముద్రం అడుగునుంచి తీసిన ముతక ఇసుకతో పని చేస్తున్నాడు. తిరుగు ప్రయాణం దగ్గర పడింది, మామూలు పద్ధతిలో కడిగే టైమ్ లేదు. మంచినీళ్లు పోసి కడిగేశాడు. ఆ షాక్‌కి, అంతవరకు రేణువులను గట్టిగా పట్టుకుని ఎవరి జల్లెడకూ చిక్కని జీవులు పట్టు వదిలి బయటికొచ్చాయి. కవచం లాంటి తొడుగున్న ఆ పావు మిల్లీమీటరు జీవులకు 1983లో ఏకంగా కొత్త వర్గమే పెట్టాల్సి వచ్చింది. వాటి డింభకానికి అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హిగ్గిన్స్ పేరు పెట్టి హిగ్గిన్స్ డింభకం అన్నారు. ఆ హిగ్గిన్స్ 1979లో అండమాన్ దీవుల కైనోరింక్‌ల మీద ఒక పత్రం రాశాడు. దానికి సహ రచయిత మన చంద్రశేఖరరావే. వాల్తేరు ఇసుకలో మొదలైన పని ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. అలాంటి తీరాన్ని మనం "ఉత్త ఇసుక" అంటున్నాం.

బీచ్‌కి ఇసుక పోయొద్దని నేను అనడం లేదు. హార్బరు గోడలు ఉత్తరంగా సాగే ఇసుకను ఆపుతాయి, ఆపిన ఇసుకను తీరానికి చేర్చకపోతే రోడ్డే కూలుతుంది, అది మనందరం చూస్తున్నదే. నేను అడిగేది ఏ ఇసుక, ఎంత, ఎప్పుడు అన్నదాని గురించి. ఇసుక సందుల జీవులకు రేణువు సైజే ప్రాణం. సగటు రేణువు సుమారు 0.2 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే సందులు మూసుకుపోతాయి, శాకోసిర్రస్ లాంటివి ఇమడవు. బురద కలిసిన ఇసుకైతే లోపలికి ఆక్సిజన్ కూడా అందదు. కాబట్టి పోసే ఇసుక రేణువు సైజును అక్కడున్న ఇసుకతో సరిచూసి పోయాలి. మొత్తం తీరం ఒకేసారి కప్పకుండా మధ్య మధ్య ముట్టుకోని పట్టీలు వదలాలి, అక్కడి నుంచి జీవులు మళ్లీ విస్తరిస్తాయి. పోయకముందు, పోశాక, ఆరు నెలల తర్వాత ఇసుక నమూనాలు తీసి లెక్క చూడాలి. కోట్లు పెట్టే పనిలో ఈ ఖర్చు లెక్కలోకి వచ్చేది కాదు.

దానికంటే ముఖ్యంగా, ఆంధ్ర విశ్వవిద్యాలయం, జువలాజికల్ సర్వే కలిసి 1960లలో పని జరిగిన చోట్లన్నీ మళ్లీ ఒకసారి గాలించాలి. సర్వే సంస్థకు చెన్నైలోనూ, ఒడిశాలోని గోపాల్‌పూర్‌లోనూ కేంద్రాలున్నాయి. బతికున్న జీవిని చూసి బొమ్మ, వీడియో తీసుకుని, ఫార్మలిన్‌లో కాకుండా ఆల్కహాల్‌లో దాచి, డీఎన్‌ఏ చదవాలి. నమూనాలు పట్టే పనిలో భీమిలి నుంచి పూడిమడక దాకా ఉన్న డిగ్రీ కాలేజీల పిల్లలను కలుపుకోవాలి. జల్లెడ, బకెట్, మామూలు సూక్ష్మదర్శిని చాలు. జాలారిపేటల పిల్లలకు ఏ ఆటులో ఇసుక ఎంతవరకు తేలుతుందో మనకంటే బాగా తెలుసు. వాళ్లకు స్టైపెండ్ ఇస్తే ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు కొంతైనా జవాబు ఇచ్చినట్టవుతుంది.

మీ పత్రికను ఒకటి అడుగుతున్నాను. ఈసారి ఇసుక పనుల మీద వార్త రాసేటప్పుడు, పోయబోయే ఇసుక రేణువు సైజు ఎంత, పనికి ముందు ఆ చోట జీవుల నమూనాలు తీశారా అని మీ విలేకరి సంబంధిత ఆఫీసును అడగాలి. జవాబు ఏదైనా సరే, వచ్చినది వచ్చినట్టు అచ్చు వేయాలి. నమూనాలు తీయలేదంటే, తీయడానికి కావాల్సిన జల్లెడలు, మెగ్నీషియం క్లోరైడ్, నా దగ్గరున్న సూక్ష్మదర్శిని తీసుకుని నా పాత విద్యార్థులతో సహా వచ్చి సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను. పనులు మొదలయ్యే తేదీ ముందుగా చెబితే చాలు.

ఇట్లు,
జువాలజీ రిటైర్డ్ లెక్చరర్,
మధురవాడ, విశాఖపట్నం